బాత్‌టబ్ లేని ఇంట్లో చంటిబిడ్డకు, నడక నేర్చిన పిల్లలకు స్నానం

చంటిబిడ్డ స్నానానికి బాత్‌టబ్ ఉండి తీరాలని ఏమీ లేదు. ఒక బకెట్, ఒక మగ్గు, లోతు తక్కువగా ఉన్న వెడల్పాటి బేసిను, నీళ్లు పోవడానికి తూము ఉన్న కాస్త చోటు ఉంటే చాలు. నిజానికి బిడ్డ చుట్టూ నీళ్లు నిలవని స్నానంలో మునిగిపోయే భయం చాలావరకు తప్పుతుంది. అలాగని ప్రమాదం పూర్తిగా పోదు, చోటు మారుతుందంతే. పక్కనున్న నిండు బకెట్, వేడినీళ్ల గిన్నె, తడిసిన గచ్చు: జాగ్రత్త పడాల్సింది ఈ మూడింటి దగ్గరే. వీటిని బిడ్డకు దూరంగా పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండేలా పని అమర్చుకోగలిగితే మిగతాదంతా నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

ముందు నీళ్ల సంగతి

వేన్నీళ్లకు చన్నీళ్లు తోడంటారు. పిల్లల స్నానానికి మాత్రం ఆ వరస తిరగేయాలి. ముందు చన్నీళ్లు పోసి, తర్వాతే వేన్నీళ్లు కలపాలి. మధ్యలో ఎవరో పిలిచినా, నడిచే పిల్లవాడు వచ్చి చెయ్యి పెట్టినా, గిన్నెలో ఒట్టి వేడినీళ్లు ఉన్న క్షణమంటూ ఉండకూడదు. చర్మం కాలే ప్రమాదాల్లో చాలావాటిని ఈ ఒక్క అలవాటే ఆపుతుంది.

నీళ్లు 37 నుంచి 38 డిగ్రీల మధ్య, అంటే ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. కుళాయి నీళ్లు 25 డిగ్రీలుంటే 5 లీటర్ల చన్నీళ్లకు 1 లీటరు మరిగిన నీళ్లు సరిపోతాయి. చలికాలంలో కుళాయి నీళ్లు 15 డిగ్రీలకు పడిపోతే అవే 5 లీటర్లకు దాదాపు 1.8 లీటర్ల మరిగిన నీళ్లు కావాలి. గీజరు నీళ్లు 50 డిగ్రీలుంటే, 25 డిగ్రీల చన్నీళ్లతో సగానికి సగం కలిపితే సరి. ఈ లెక్కలు మొదలుపెట్టడానికే. చివరి మాట చేతిదే.

వేన్నీళ్లు పోశాక అడుగుదాకా చెయ్యి పెట్టి బాగా కలియబెట్టండి. పైపైన వేడిగా, అడుగున చల్లగా ఉండటం మామూలే. అర నిమిషం ఆగి మోచేతిని గానీ మణికట్టు లోపలి వైపును గానీ ముంచి చూడండి. వేడిగానూ అనిపించకూడదు, చల్లగానూ అనిపించకూడదు. అరచేతిని నమ్మొద్దు. వంటపనికి, గిన్నెల వేడికి అలవాటుపడ్డ అరచేతికి హాయిగా తోచే నీళ్లు బిడ్డకు మంట పుట్టించవచ్చు. పసిచర్మం పెద్దల చర్మం కన్నా బాగా పలుచన. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లు తగిలినా లోతుగా కాలుతుంది. గీజరుకు ఉష్ణోగ్రత తిప్పుకునే మీట ఉంటే 49 డిగ్రీలు దాటకుండా పెట్టుకోండి.

నీళ్లలో ముంచే హీటర్ రాడ్ వాడే ఇంట్లో, స్విచ్ ఆపి ప్లగ్ పీకేసిన తర్వాతే నీళ్లను తాకాలి. వేడి ఎంతయిందో చూడటానికి రాడ్ పనిచేస్తుండగా వేలు పెట్టడం ప్రాణాంతకం. ఆ బకెట్ పిల్లలు తిరగని చోట, తలుపు వేసిన గదిలో ఉండాలి. గ్యాస్ గీజరు స్నానాల గదిలోనే ఉంటే బకెట్ నింపుకుని, గీజరు ఆపి, తలుపులు తెరిచి గదిలో గాలి మారాకే బిడ్డను తీసుకురండి. మూసిన గదిలో అది మండుతుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. పెద్దవాళ్లకు తల తిరిగేలోపే బిడ్డ స్పృహ తప్పవచ్చు.

మగ్గుతో పోసే స్నానానికి నెలల బిడ్డకు 4 నుంచి 5 లీటర్లు, కూర్చునే బిడ్డకు 8 నుంచి 10, నడిచే పిల్లలకు 12 నుంచి 15 లీటర్లు చాలు. బిడ్డ గదిలోకి వచ్చేసరికి నీళ్లన్నీ కలిపి సిద్ధంగా ఉండాలి. బిడ్డ బేసిన్లో ఉండగా వేన్నీళ్లు పోయడం ఎప్పుడూ వద్దు. నీళ్లు చల్లబడితే బిడ్డను పైకి తీసి తువ్వాలు చుట్టేయండి. ఆ రోజుకు స్నానం అక్కడితో ముగిసినా నష్టం లేదు.

చేతికందే దూరంలో

గది 24 నుంచి 27 డిగ్రీలుంటే మంచిది. ఫ్యాను, ఏసీ ఆపి, గాలి నేరుగా కొట్టే కిటికీ మూయండి. పాలు తాగిన వెంటనే స్నానం చేయిస్తే కక్కుతారు, ఆకలి మీద చేయిస్తే ఏడుపు ఆగదు. పాలు తాగిన అరగంట నుంచి గంట మధ్య సరైన సమయం.

రెండు తువ్వాళ్లు (ఒకటి కింద పరవడానికి, ఒకటి చుట్టడానికి), మెత్తటి నూలు గుడ్డలు రెండు మూడు, కొంచెం దూది, వాసన లేని తేలికపాటి సబ్బు, చిన్న మగ్గు, శుభ్రమైన బట్టలు, డైపర్. ఇవన్నీ కూర్చున్న చోటునుంచి లేవకుండా అందాలి. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. గోళ్లు కత్తిరించుకుని ఉండండి. బిడ్డ చర్మం మీద గీతలు చాలావరకు వీటివల్లే పడతాయి. ఏదైనా మరిచిపోయామని గుర్తొస్తే బిడ్డను తువ్వాల్లో చుట్టి వెంట తీసుకెళ్లాలి. 'ఒక్క క్షణమే కదా' అని పెద్ద పిల్లలకు అప్పజెప్పి వెళ్లకండి. ఫోన్ మోగినా మోగనివ్వండి.

బొడ్డు ఊడేదాకా

పుట్టిన వెంటనే స్నానం చేయించకుండా 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తొందరపడితే బిడ్డ ఒంటి వేడి పడిపోతుంది. ఆ తర్వాత కూడా బొడ్డుతాడు ఎండి ఊడిపోయేదాకా, అంటే సాధారణంగా 1 నుంచి 3 వారాలు, తడిగుడ్డతో తుడవడమే సరిపోతుంది. బొడ్డు తడిసినంత మాత్రాన కొంప మునగదు, పొడిగుడ్డతో అద్దితే చాలు. రోజూ నానుతుంటే మాత్రం ఎండటం ఆలస్యమై చీము పట్టే వీలుంది.

బిడ్డను నేల మీదో, గోడ వారగా ఉన్న మంచం మీదో పరిచిన తువ్వాలుపై పడుకోబెట్టి, ఒళ్లంతా రెండో తువ్వాలుతో కప్పండి. తుడిచే భాగం మాత్రమే బయట ఉండాలి. అది తుడిచి, ఆరబెట్టి, కప్పేసి, తర్వాతిదానికి వెళ్లాలి. మొదట కళ్లు: ముక్కు వైపునుంచి చెవి వైపుకు, ఒక్కో కంటికి వేరే దూది. తర్వాత ముఖం, చెవుల వెనక, మెడ, చంకలు, చేతులు, వీపు, కాళ్లు. జననాంగాలు, పిరుదులు ఆఖర్న. ఆడపిల్లలకు ఎప్పుడూ ముందునుంచి వెనక్కే తుడవాలి. మగపిల్లలకు ముందు చర్మాన్ని వెనక్కి లాగకూడదు. ఆ వయసులో అది అతుక్కునే ఉంటుంది, బలవంతం చేస్తే చిరుగుతుంది.

బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి వాచినా, చీము కారినా, చెడువాసన వచ్చినా స్నానం సంగతి పక్కనబెట్టి డాక్టరుకు చూపించండి.

కాళ్ల మీద పడుకోబెట్టి

మెడ ఇంకా నిలవని బిడ్డకు, ఇంట్లో టబ్బు లేనప్పుడు, ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదని చెప్పవచ్చు. బిడ్డ నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది, నీళ్లు నిలవవు, ఒంటి కింద మీ కాళ్ల వెచ్చదనం ఉంటుంది. కానీ కూర్చునే తీరులోనే చాలామంది తప్పు చేస్తారు.

ఎత్తు పీట మీద కూర్చుని కాళ్లు చాపితే పాదాల వైపు వాలు ఏర్పడుతుంది. చీలమండల దగ్గర తల ఉన్న బిడ్డకు నీళ్లన్నీ ముఖం మీదికే జారతాయి. అందుకే నేల మీదే, గోడకు వీపు ఆనించి కూర్చోండి. కాళ్లు చాపి దగ్గరగా చేర్చండి. మడమల కింద 5 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పెట్టుకుంటే తల వైపు కాస్త పైకి లేచి, నీళ్లు బిడ్డ పాదాల వైపు, అంటే మీ మోకాళ్ల వైపు పారతాయి. మోకాళ్ల నుంచి చీలమండల దాకా తడి నూలుగుడ్డ పరుచుకోండి. సబ్బు తగిలాక చర్మం మీద చర్మం నిలవదు, ఆ గుడ్డే పట్టు ఇస్తుంది.

బిడ్డను వెల్లకిలా, తల మీ చీలమండల దగ్గర, కాళ్లు మీ వైపు ఉండేలా పడుకోబెట్టండి. నిలువుగా చేర్చిన మీ పాదాలు తలకు ఆసరా అవుతాయి. ఎడమ చెయ్యి చంక కింద నుంచి పోనిచ్చి భుజాన్ని పట్టుకోవాలి. బిడ్డ ఒంటి మీదనుంచి ఆ చెయ్యి తీసేది తువ్వాల్లో చుట్టాకే. కుడిచేత్తో మగ్గు. మొదటి నీళ్లు పాదాల మీద, తర్వాత తొడలు, పొట్ట, ఛాతీ. పైనుంచి మొదలుపెడితే బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి బిగబడుతుంది. మగ్గు అంచు ఒంటికి బెత్తెడు ఎత్తు దాటకూడదు. ఎత్తునుంచి పడే నీళ్లు దారిలోనే చల్లబడతాయి, చిందుతాయి, బిడ్డను బెదరగొడతాయి.

బఠాణీ గింజంత సబ్బు చాలు, దాన్ని అరచేతిలో నురగ చేసుకుని రాయండి. మొదటి వారాల్లో ఒట్టి నీళ్లయినా సరే. సబ్బుకన్నా ముఖ్యం మడతలు. భుజాలను కొద్దిగా వెనక్కి వాల్చితే గడ్డం కింద మెడ తెరుచుకుంటుంది. జారిన పాలు అక్కడే చేరి పులిసి చర్మం ఒరిసిపోతుంది. చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, బిగించిన పిడికిళ్ల లోపల కూడా చూడండి.

వీపు కడగడానికి బోర్లా తిప్పేటప్పుడు మగ్గు కింద పెట్టి రెండు చేతులూ వాడండి. ఒక అరచెయ్యి ఛాతీ కింద, ఇంకొకటి తల వెనక. తిప్పాక ముఖం పక్కకు ఉండాలి. మీ రెండు కాళ్ల మధ్య సందులో ముక్కు, నోరు ఇరుక్కోకూడదు. రెండు మూడు మగ్గులు పోసి అర నిమిషంలో మళ్లీ వెల్లకిలా తిప్పేయండి.

తల చివర్న. తల తడిస్తే ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. ముఖం మీద నీళ్లు పోయరు, తుడుస్తారు. తలకు పోసేటప్పుడు నుదుటి మీద అరచేతిని గట్టులా పెట్టి వెనక్కి పారించండి. మాడు మెత్తగా ఉందని దాన్ని ముట్టుకోవడానికే భయపడితే అక్కడ మురికి పేరుకుంటుంది. దాని కింద గట్టి పొర ఉంది, వేళ్లతో మెల్లగా రుద్దితే ఏమీ కాదు, నొక్కకూడదంతే. పొలుసుల్లా పసుపు పెచ్చులు కట్టి ఉంటే, స్నానానికి ముందు కాస్త నూనె రాసి నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో రాలగొట్టి, సబ్బుతో కడగండి. గోటితో పీకితే పుండు పడుతుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము తెప్పించగలదు.

ఈ స్నానం మొత్తంలో అతి ప్రమాదకరమైన ఘట్టం అయిపోయాక వస్తుంది: తడి బిడ్డను చేత్తో పట్టుకుని తడి గచ్చు మీద పైకి లేవడం. అలా లేవకండి. పక్కన పొడినేల మీద పరిచిన తువ్వాల్లోకి బిడ్డను జరిపి, చుట్టి, లేదా ఇంకొకరి చేతికిచ్చి, ఆ తర్వాతే లేవాలి. సిజేరియన్ కుట్లు మానని తల్లి, నడుము వంగని పెద్దవాళ్లు ఈ పద్ధతి జోలికి పోకపోవడం మేలు.

బేసిను, సింకు

బేసిను అడుగు చదునుగా, 40 నుంచి 50 సెంటీమీటర్ల వెడల్పుతో ఉండాలి. నేల మీద పెట్టండి, బల్ల మీద కాదు. అడుగున తడిగుడ్డ పరిచి, నాలుగు వేళ్ల మందం, అంటే 5 నుంచి 8 సెంటీమీటర్ల నీళ్లు పోయండి. బిడ్డ మెడ మీ ముంజేతి మీద వాలేలా, అవతలి చంక మీ పిడికిలిలో ఉండేలా పట్టుకుని, పాదాలు ముందుగా దించండి. పొట్ట మీద తడిగుడ్డ కప్పి దాని మీద అప్పుడప్పుడూ గోరువెచ్చని నీళ్లు పోస్తుంటే వణుకు రాదు. 5 నుంచి 10 నిమిషాలు చాలు. సబ్బు ఆఖర్న రాస్తే బిడ్డ సబ్బునీళ్లలో నానదు.

వంటగది సింకు వాడితే ముందు కడిగి తుడవండి. కుళాయి మూతిని పక్కకు తిప్పేయండి. చివర్లో చన్నీళ్లు వదిలి లోహం చల్లబడేలా చూడండి. బిడ్డ పట్టుకుని లేవడం మొదలెట్టాక సింకు పనికిరాదు. నీళ్లలో కూర్చోబెట్టే ప్లాస్టిక్ కుర్చీలు, రింగులు రక్షణ సాధనాలు కావు. అవి ఒరిగిపోతాయి, బిడ్డ జారిపోతుంది. చెయ్యి తీయొచ్చన్న భ్రమ కలిగించడమే వాటి అసలు చెడు.

కూర్చోవడం వచ్చాక

సుమారు 6 నెలలు దాటి ఆసరా లేకుండా కూర్చునే బిడ్డను నీళ్లు నింపిన బేసిన్లో కాకుండా, పక్కలకు రంధ్రాలున్న గట్టి ప్లాస్టిక్ బట్టల బుట్టలో కూర్చోబెట్టి మగ్గుతో పోయడం మంచి ఉపాయం. నీళ్లు బయటికి పోతాయి, చుట్టూ పట్టుకోవడానికి అంచు ఉంటుంది. గరుకు మొనలు లేకుండా చూసి, అడుగున తువ్వాలు పరవండి. బుట్ట ఉన్నా చెయ్యి దూరం దాటి వెళ్లొద్దు. ఈ వయసు పిల్లలు సబ్బు నోట్లో పెట్టుకుంటారు, మగ్గు లాక్కుంటారు. ఆడుకోవడానికి వేరే మగ్గు ఒకటి ఇచ్చేయండి.

పోసిన నీళ్లు ఒంటి మీద పలుచగా పరుచుకుని వెంటనే చల్లబడతాయి కాబట్టి, మగ్గుకూ మగ్గుకూ మధ్య ఎక్కువసేపు ఆగకూడదు. సబ్బు రాసేటప్పుడు వీపు మీద తడి వెచ్చటి గుడ్డ కప్పండి.

నడిచే పిల్లలు

వీళ్లకు భయం జారుడు. గచ్చు మీద రబ్బరు చాప వేసి, 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తు స్టూలు మీద, కుళాయికి వీపు పెట్టి కూర్చోబెట్టండి. నిలబెట్టి సబ్బు రాస్తే మీ చేతిలోంచే జారిపోతారు. చేతి షవరు ఉంటే ధార తగ్గించి, ముందు మీ మణికట్టు మీద చూసి, పాదాలనుంచి మొదలుపెట్టండి. మీ వేళ్లు ఎప్పుడూ ధారలోనే ఉండాలి. ఇంట్లో ఇంకెవరో కుళాయి తిప్పితే వేడి ఉన్నట్టుండి మారుతుంది.

తలస్నానమంటే ఏడవని పిల్లలు తక్కువ. కారణం సబ్బు మంట ఒక్కటే కాదు, చెప్పాపెట్టకుండా ముఖం మీద నీళ్లు పడి ఊపిరాడకపోవడం. మడిచిన పొడిగుడ్డను కళ్ల మీద వాళ్లనే పట్టుకోమనండి. పైకప్పు వైపు చూడమని, 'ఒకటి, రెండు, మూడు' అని చెప్పి, నుదుటి అంచునుంచి వెనక్కి పోయండి. ప్రతి మగ్గుకూ లెక్కపెట్టాలి, ఒక్కసారి కూడా మోసం చేయకూడదు. వారానికి ఒకటి రెండుసార్లు షాంపూ చాలు. బాగా బెదిరిపోయిన పిల్లకు కొన్నాళ్లు తడిగుడ్డతో తల తుడిచి, మెల్లగా మళ్లీ మగ్గుకు రండి.

బకెట్

నడిచే పిల్లల తల, ఒంటితో పోలిస్తే బరువు. బకెట్లోకి తొంగిచూస్తే తలకిందులుగా పడతారు. నీళ్లున్న బకెట్ ఒరగదు, పిల్లవాడికి వెనక్కి లేచే బలం లేదు, అరుపు కూడా వినిపించదు. మునిగిపోవడానికి 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. స్నానం అయిన వెంటనే, బిడ్డను తుడవడానికి తీసుకెళ్లే ముందే, మిగిలిన నీళ్లు ఒంపేసి బకెట్ బోర్లించండి. రెండో చేతికి వీలుకాకపోతే బిడ్డను ఎత్తుకుని బయటికొచ్చి గది తలుపుకు బయట పైన ఉన్న గడియ వేయండి. నీళ్లు నిల్వ ఉంచక తప్పని ఇంట్లో బిగుతుగా పట్టే మూత ఉన్న డ్రమ్ములే వాడాలి.

తుడవడం, చర్మం

రుద్దకండి, అద్దండి. మొదట తల, తర్వాత మడతలు. మడతల్లో తడి ఉండిపోతే ఎర్రగా ఒరుస్తుంది. చెవి బయటి దొప్పను తుడిస్తే చాలు, లోపలికి పుల్ల పెట్టకండి. పొడి చర్మం ఉన్న పిల్లలకు ఒంటి తేమ పూర్తిగా ఆరకముందే, మూడు నిమిషాల్లోపు, వాసన లేని క్రీము రాయాలి. పౌడరు అవసరం లేదు, గాలిలో లేచే ఆ ధూళి బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మొదటి ఏడాదిలో వారానికి రెండు మూడుసార్లు పూర్తి స్నానం చాలు. ముఖం, మెడ, డైపర్ భాగం మాత్రం రోజూ శుభ్రం చేయాలి. ఉక్కగా ఉన్న రోజుల్లో రోజూ చేయించినా ఫర్వాలేదు, అయితే సబ్బు రోజూ వద్దు. టీకా వేయించిన రోజు స్నానం మానక్కర్లేదు, సూది గుచ్చిన చోట రుద్దకుండా ఉంటే చాలు.

పొరపాటు జరిగితే

వేడినీళ్లు పడితే తడిసిన బట్టలు, డైపర్ వెంటనే తీసేయండి. చర్మానికి అంటుకుపోయినవి లాగొద్దు. కాలిన చోటును 20 నిమిషాలపాటు పారే చన్నీళ్ల కింద ఉంచండి, మిగతా ఒంటిని వెచ్చగా కప్పండి. ఐసు, నూనె, టూత్‌పేస్టు ఏదీ రాయకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నీళ్లు మింగి దగ్గితే, దగ్గు తగ్గి మామూలుగా ఆడుకుంటుంటే భయం లేదు. ఆ తర్వాత కొన్ని గంటల్లో ఆగని దగ్గు, ఎగశ్వాస, మత్తుగా పడి ఉండటం, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. చేతిలోంచి జారి తలకు దెబ్బ తగిలితే, నెలల బిడ్డ అయితే పైకి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించండి. పెద్ద పిల్లలకు వాంతులు, నిద్రమత్తు, స్పృహ తప్పడం, ముక్కు లేదా చెవిలోంచి నెత్తురు లేదా నీరు కారడం ఏది ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.